నల్లరేగడి పెరట్లో కృత్రిమ పచ్చిక మరమ్మతు: ముందు నీటికి దారి, ఆ తర్వాతే గడ్డి

గుంటూరులో మా అక్కయ్య ఇంటి పెరట్లో కృత్రిమ పచ్చిక పరిపించారు. మొదటి వానాకాలం దాటేసరికి మధ్యలో తొట్టిలా గుంట పడింది. పరిచినవాళ్లే వచ్చి అక్కడ పచ్చిక ఎత్తి, నాలుగు తట్టల ఇసుక పోసి, మళ్లీ మేకులు కొట్టి వెళ్లారు. మరుసటి ఏడు ఆ గుంట పక్కనే నేల గూనిలా లేచింది. అతుకు విడిపోయింది. వాన వెలిసి మూడు రోజులైనా అడుగు నుంచి కుళ్లు వాసన పోలేదు. అప్పుడు మేమే పూనుకుని కింది దాకా తవ్వి చూశాం. పోసిన ఇసుక అంతా నల్లమట్టి గుంటలో నీళ్లు పీల్చుకుని, పిండితే కారేటంత తడిగా కూర్చుని ఉంది. పచ్చికకు మాత్రం ఏ లోపమూ లేదు. అదే పచ్చికను కడిగి, మళ్లీ అదే చోట పరిచాం. ఇప్పటికీ బాగుంది.

నల్లరేగడిలో పచ్చిక చెడిందంటే చాలాసార్లు చెడింది కింది నేల. ఆ నేలలోకి నీటిని ఇంకించాలని చూసేవాళ్లు ఏటా మరమ్మతు చేస్తూనే ఉంటారు. నీటిని ఇంకనీయకుండా పక్కకు పంపించేవాళ్లకు ఆ బాధ తప్పుతుంది. ఇంకుడు గుంతల విలువ తెలిసిన మనకు ఈ మాట వినడానికి ఇబ్బందిగానే ఉంటుంది. నిజంగా నీరు ఇంకే చోటికి దాన్ని చేర్చడం ఎలాగో కూడా చెబుతాను.

ఈ నేల ఎందుకు ఇలా చేస్తుంది

నల్లరేగడిలో మాంట్‌మొరిల్లనైట్ జాతి బంకమన్ను ఎక్కువ. దాని రేకుల మధ్యకు నీరు చేరితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. ఎండాకాలంలో చెయ్యి దూరేంత పగుళ్లు, వానాకాలంలో బురద. ఇక్కడే ఇంటివాళ్లు మోసపోతారు. జూన్‌లో తొలి వానలు పడినప్పుడు నీరంతా పగుళ్లలోంచి చకచకా దిగిపోతుంది. మా పెరట్లో నీళ్లు నిలవవు అనుకుంటాం. రెండు మూడు వానలకు మట్టి ఉబ్బి పగుళ్లు మూసుకుంటాయి. ఆపైన అలాంటి బంకమట్టిలోకి గంటకు 1 నుంచి 5 మిల్లీమీటర్ల నీరు మాత్రమే దిగుతుంది.

ఒక లెక్క చూడండి. 8 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉన్న పెరడు 40 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీరు. గంటలో 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 2,000 లీటర్లు. అందులో నేల తాగేది 200 లీటర్లకు మించదు. మిగిలిన 1,800 లీటర్లు ఎటు పోవాలి? దారి లేకపోతే మీరు తవ్వి కంకర పోసిన చోటే చేరతాయి. బంకమట్టిలో గొయ్యి తవ్వి కంకర నింపడమంటే చిల్లులేని తొట్టి కట్టడమే.

పైన కంకర బరువు ఉంది కదా, ఆ ఉబ్బును అణచదా అని అడుగుతారు. అణచలేదు. నల్లరేగడిలో కాలువల గట్లు నిలవడానికి ఐఐటీ బొంబాయి ఆచార్యుడు ఆర్.కె. కట్టి ఉబ్బని మట్టి పొరను వేసే పద్ధతిని రూపొందించారు. ఆ పొర మందం ఒక మీటరు దాకా ఉంటుంది. ఇంటి పెరట్లో అంత తవ్వలేం, పునాదుల పక్కన తవ్వకూడదు కూడా. కాబట్టి మన చేతిలో ఉన్న ఉపాయం ఒక్కటే: కింది మట్టి తేమ ఏడాది పొడవునా పెద్దగా మారకుండా చూడటం.

ముందు రోగం తెలుసుకోవాలి

వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని పెరట్లో నిలబడండి. ఈ అరగంట పరిశీలన తర్వాతి రెండు రోజుల చాకిరీని సగానికి తగ్గిస్తుంది. నీరు ఎక్కడ నిలుస్తోంది, ఎటు నుంచి వస్తోంది, డాబా మీది నీటి గొట్టం ఎక్కడ దిగుతోంది, పక్కింటి నుంచి ఊట వస్తోందా, అన్నీ కాగితం మీద గీసుకోండి. ఫోనులో వీడియో తీసుకుంటే ఇంకా మంచిది.

వాన వెలిశాక నీరు నిలిచిన చోట పచ్చిక అంచు కొద్దిగా ఎత్తి చూడండి. పైన నీరు నిలిచి కింద పొడిగా ఉంటే, పచ్చిక అడుగు పొరలోని చిల్లులు దుమ్ముతో, కుక్క వెంట్రుకలతో, రాలిన ఆకుల పొడితో పూడిపోయాయి. కడిగి, చిల్లులను సన్నటి ఊచతో పొడిస్తే సరిపోతుంది, తవ్వక్కర్లేదు. కింద కూడా బురదగా ఉంటే అసలు పని ఉంది. కంకర మధ్యలోంచి నల్లటి బురద పైకి వచ్చి కనిపిస్తే, మట్టికీ కంకరకూ మధ్య గుడ్డ వేయలేదనో, వేసినది చిరిగిందనో అర్థం. ఆ కంకర ఇక పనికిరాదు.

గుంట పడిన ప్రతిచోటా నేలనే తప్పుపట్టకండి. పందికొక్కులు సొరంగాలు తవ్వితే పొడుగ్గా, వంకరగా పల్లం పడుతుంది. గోడ వారన మట్టి కుప్పలు కనిపిస్తే ముందు వాటి సంగతి చూడండి. గూని విషయానికి వస్తే, చెట్టు వేరు వల్ల లేచినది ఏడాదంతా అలాగే ఉంటుంది. నేల ఉబ్బి లేచినది మార్చి వచ్చేసరికి దిగుతుంది. పచ్చికను పొడుచుకుని సూదుల్లా మొక్కలు వస్తుంటే అది తుంగ. తుంగ మొలకలు ప్లాస్టిక్కునూ చీల్చుకు వస్తాయి, గడ్డలు ఏరకుండా మళ్లీ పరచకండి.

ఇక నీరు ఇంకే పరీక్ష. అడుగు లోతు, అడుగు వెడల్పు గొయ్యి తీసి నిండా నీళ్లు పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున మళ్లీ నింపి, పుల్ల మీద గీతపెట్టి గంట తర్వాత ఎంత దిగిందో చూడండి. 2.5 సెంటీమీటర్లకు మించి దిగితే మీ నేల మంచిదే, మామూలు కంకర పడక చాలు. 1 సెంటీమీటరు కూడా దిగకపోతే కింద చెప్పే పద్ధతి మొత్తం కావాలి. రెంటికీ మధ్య ఉంటే, పెరడు ఇంటి గోడను ఆనుకుని ఉన్నప్పుడు నేను కష్టమైన దారినే ఎంచుకుంటాను. ఆ పక్కనే పునాది ఉంది.

ఎప్పుడు మొదలుపెట్టాలి

సమయం ఎంచుకోవడం చాలామంది పట్టించుకోని సంగతి. మే నెలలో మట్టి పూర్తిగా కుంచించుకుని ఉన్నప్పుడు సమం చేస్తే జూలైలో ఉబ్బి పైకి తోస్తుంది. ఆగస్టులో చేస్తే ఏప్రిల్‌కు కుంగుతుంది. వానలు వెనక్కి తగ్గి, మట్టి పిడికిట పట్టి నొక్కితే ముద్దవుతూ చేతికి అంటుకోని దశలో ఉన్నప్పుడు చేయాలి. తెలంగాణలో నవంబరు చివరి నుంచి, కోస్తాలో ఈశాన్య రుతుపవనాల వానలు కూడా ముగిశాక జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆ దశ ఉంటుంది. ఎండాకాలంలో చేయక తప్పకపోతే, పగుళ్లున్న నేలను వారం పది రోజులు కొద్దికొద్దిగా తడుపుతూ మూసుకోనిచ్చి, ఆ తర్వాతే పారపట్టండి. పగుళ్లలో ఇసుక పోయకండి. మట్టి ఉబ్బినప్పుడు ఆ ఇసుక చీలలా పనిచేసి పక్క నేలను పైకి లేపుతుంది.

మొదటి పని: వచ్చే నీటిని ఆపడం

పచ్చిక మీద చెయ్యి వేయకముందే డాబా నీటి గొట్టాలను పెరట్లోకి కాకుండా బయటి కాలువకో, నీటి తొట్టికో మళ్లించండి. ఏసీ నుంచి కారే నీరు, మంచినీటి ఫిల్టరు వదిలే వృథా నీరు, పైట్యాంకు పొంగే గొట్టం, కారే తోట కుళాయి, ఇవన్నీ ఏడాది పొడవునా ఒకే చోట నేలను తడుపుతాయి. ఒక మూల తడి, మరో మూల పొడి. నల్లరేగడికి ఇంతకన్నా కీడు లేదు. చిన్న గూనులు కొన్ని ఈ ఒక్క పనితోనే ఒక ఏడాదిలో సర్దుకుంటాయి. అలాంటివి ఉంటే తవ్వడానికి ముందు ఒక వానాకాలం ఆగి చూడమంటాను.

పచ్చికను పాడవకుండా ఎత్తడం

పచ్చిక పోగులు నిలబడేందుకు వాటి మధ్య పోసిన ఇసుకను గట్టి చీపురుతో ఎదురు ఊడ్చి పైకి తెచ్చి ఎత్తిపెట్టండి. తడిగా ఉంటే రాదు, రెండు రోజులు ఎండనివ్వాలి. ఆ ఇసుకను జల్లెడపట్టి కడిగితే మళ్లీ వాడుకోవచ్చు.

పోగులు ఏ వైపు వాలి ఉన్నాయో చూసి, ప్రతి ముక్క అడుగున సుద్దతో బాణం గుర్తు, అంకె వేయండి. ఇది మరిచిపోతే తిరిగి పరిచినప్పుడు ఒక ముక్క ముదురుగా, పక్క ముక్క లేతగా కనిపిస్తుంది. మేకులను చిన్న గునపంతో అడుగు నుంచి లేపండి, పచ్చిక పట్టుకుని లాగకండి. అతుకు దగ్గర జిగురు పట్టీని కట్టరుతో అడుగు వైపు నుంచి కోయాలి. పోగుల వాలు వైపుకే చుట్టి, నీడలో పడుకోబెట్టండి. మడత పెడితే ఆ గీత పోదు. అడుగు పొర పెళుసై చేతిలో పొడిగా రాలుతుంటే, లేదా పోగులు గుప్పెట పట్టి లాగితే ఊడి వస్తుంటే, ఆ పచ్చిక ఆయువు తీరింది. దానికి మరమ్మతు దండగ, కొత్తది కొనండి.

తవ్వకం, వాలు

బురద కలిసిన పాత కంకరంతా తీసేయండి. మట్టి ఉపరితలాన్ని ఇంటి గోడ నుంచి దూరంగా 2 శాతం వాలుతో దిద్దండి, అంటే మీటరుకు 2 సెంటీమీటర్లు. మన 5 మీటర్ల వెడల్పుకు మొత్తం 10 సెంటీమీటర్లు. ఎర్రనేలలో 1 శాతం చాలు. నల్లరేగడి తర్వాత కొంత కదులుతుంది కాబట్టి ఆ కదలికను తట్టుకునే మిగులు ఉండాలి. రెండు చివర్ల మేకులు పాతి, మేస్త్రీలు వాడే లెవెల్ పైపుతో మట్టాలు గుర్తించి దారం కట్టండి. చిన్న రసమట్టం ఒక్కదాన్నే నమ్మితే 5 మీటర్ల దూరంలో తప్పు పేరుకుంటుంది.

వాలు మట్టిలోనే రావాలి. మట్టిని చదునుగా వదిలి, పైన కంకరతో వాలు తెస్తే పైకి అందంగానే ఉంటుంది, నీరు మాత్రం అడుగున చదునులోనే నిలుస్తుంది. మా అక్కయ్య ఇంట్లో మొదట జరిగిన తప్పు ఇదే.

ఎత్తు వైపున 15 సెంటీమీటర్ల లోతు తవ్వితే సరిపోతుంది. పని పూర్తయ్యాక పచ్చిక మట్టం ఇంటి గోడలోని చెమ్మ ఆపే పొర కంటే కనీసం 15 సెంటీమీటర్లు కిందే ఉండాలి.

దిమ్మిసతో కొడుతుంటే ఎక్కడైనా మట్టి మెత్తగా ఊగితే, ఆ చోట సున్నంతో గట్టిపరచవచ్చు. పొడి మట్టి బరువులో 4 నుంచి 6 శాతం సున్నం కావాలి. 15 సెంటీమీటర్ల లోతుకు చదరపు మీటరులో సుమారు 225 కిలోల మట్టి ఉంటుంది. 4 శాతం అంటే 9 కిలోలు. విరిసిన పొడి సున్నమే వాడండి. రాతి సున్నం నీరు తగిలితే మరుగుతుంది, ఒళ్లు కాలుతుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. కలిపి, తడిపి, ఒకరోజు వదిలి, మళ్లీ కలిపి దిమ్మిస వేయాలి. వారం రోజులు తేమ ఆరనీయకూడదు. చవుడు తగ్గడానికి ఇదివరకు జిప్సం వేసిన నేలలో సున్నం కలపకండి. జిప్సంలోని సల్ఫేటుతో కలిస్తే మట్టి మునుపటి కంటే ఎక్కువ ఉబ్బుతుంది.

నీటికి దారి

ఇక్కడ తొందర పడకండి. మిగతా పనులన్నీ ఈ ఒక్కదాని మీద నిలబడతాయి.

పల్లం అంచున, 8 మీటర్ల పొడవునా అడుగు వెడల్పు కాలువ తీయండి. మొదట్లో 30 సెంటీమీటర్ల లోతు, చివర 38. అంటే మీటరుకు ఒక సెంటీమీటరు వాలు. ఇప్పుడు మట్టి మీద మందపాటి ప్లాస్టిక్ షీటు పరచాలి. సేద్యపు నీటి కుంటలకు అడుగున వేసే 500 మైక్రాన్ల షీటు రైతులకు తెలిసినదే, అదే ఇక్కడా సరిగ్గా సరిపోతుంది. ఎత్తు వైపు ఇంటి గోడ వారన కొద్దిగా పైకి మడిచి, వాలంతా పరిచి, కాలువలోకి దించి, కాలువ అవతలి గోడ మీదుగా పైకి తీయండి. రెండు షీట్లు కలిసే చోట ఎగువ షీటు దిగువ షీటు మీద అడుగు మేర పడాలి, పెంకుటింటి పెంకుల వరసలాగే. తిరగేసి వేస్తే వాన నీరంతా ఆ సందులోంచి మట్టిలోకి పోతుంది.

షీటు మీద 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల బరువుండే) నాన్‌వోవెన్ జియోటెక్స్‌టైల్ గుడ్డ, అంటే నీటిని వదిలి మట్టిని ఆపే నేయని గుడ్డ, పరచండి. కంకర మొనలు షీటును పొడవకుండా ఇది కాపాడుతుంది. కాలువ అడుగున రెండు అంగుళాలు కడిగిన 20 మిల్లీమీటర్ల కంకర వేసి, దాని మీద 110 మిల్లీమీటర్ల చిల్లుల పివిసి పైపు పెట్టండి. చిల్లులు కిందివైపుకు, గడియారంలో 4, 8 అంకెలున్న దిక్కులకు ఉండాలి. చిల్లులు పైకి పెట్టి పైపు వేసినవాళ్లను చాలామందిని చూశాను. నీరు పైపు నిండేంత పైకి లేస్తే తప్ప అందులోకి పోదు. కాలువను కంకరతో నింపి, గుడ్డను పైన కప్పేయండి.

పైపు చివర ఇటుకల ఛాంబరు కట్టి మూత పెట్టండి. లోపల సన్నటి జాలీ బిగిస్తే ఊడిన ప్లాస్టిక్ పోగులు కాలువల్లోకి, అక్కడి నుంచి చెరువుల్లోకి పోకుండా ఆగుతాయి. ప్లాస్టిక్ పచ్చిక పరుచుకున్నవాళ్లుగా ఈ మాత్రం బాధ్యత మనదే. నెలకోసారి ఏరి చెత్తబుట్టలో వేయండి.

ఛాంబరు నుంచి నీటిని వాననీటి కాలువలో కలపాలి. మురుగునీటి మ్యాన్‌హోలులో కలపకండి, గట్టి వానకు అది పొంగి మీ వీధిలోనే పారుతుంది. ఇంకుడు గుంత కావాలంటే అది నల్లమట్టి పొరను దాటి కింద మొరం తగిలేదాకా దిగాలి. తెలంగాణలో చాలా చోట్ల నల్లమట్టి పలుచగా ఉండి కింద మొరం తగులుతుంది, అక్కడ గుంత చక్కగా పనిచేస్తుంది. గుంటూరు, కృష్ణా వైపు లోతైన రేగడిలో ఎంత తవ్వినా నల్లమట్టే ఉంటే ఆ గుంత నీటిని నిలవ చేస్తుందే తప్ప ఇంకించదు. ఏ ఊరైనా గుంత ఇంటి పునాదికి కనీసం 3 మీటర్ల దూరంలో ఉండాలి.

పాత కాలనీల్లో మరో చిక్కు. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడంతో వీధి ఎత్తు పెరిగి, పెరడు పల్లమైపోయింది. పైపు వాలు బయటికి రాదు. అప్పుడు ఛాంబరును లోతు చేసి, నీటిమట్టం పెరిగితే తనంతట తాను నడిచే చిన్న సబ్‌మెర్సిబుల్ పంపు పెట్టక తప్పదు. దాని విద్యుత్ లైనుకు ఈఎల్‌సీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి, ఉండితీరాలి, పిల్లలు తడి కాళ్లతో తిరిగే చోటది.

కంకర పడక

గుడ్డ మీద 10 సెంటీమీటర్ల కంకర, దాని మీద 3 సెంటీమీటర్ల సన్న రాతి చిప్స్. కంకరను రెండు పొరలుగా, ఒక్కో పొరను తడిపి, ప్లేట్ కంపాక్టరుతోనో దిమ్మిసతోనో బాగా కుదించండి. ఒకేసారి పోసి పైన కొడితే అడుగు వదులుగానే మిగులుతుంది. 40 చదరపు మీటర్లకు కుదించాక 4 ఘనపు మీటర్లు ఉండాలంటే 5 తెప్పించాలి, అంటే సుమారు 175 ఘనపుటడుగులు. మన దగ్గర యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు కాబట్టి ఒకటిన్నర పైన, రెండు లోపు. కాలువలోకి మరికొంత పోతుంది, రెండు యూనిట్లు చెప్పుకుంటే లోటుండదు. చిప్స్ అర యూనిట్ కొద్దిగా దాటుతుంది.

పై పొరకు క్రషర్ డస్టు పోయమని మేస్త్రీలు చెబుతారు. అది నున్నగా కుదురుతుంది, నిజమే. కానీ అందులోని మెత్తటి పొడి తడిసి బిగిసి నీటిని ఆపేస్తుంది. 6 మిల్లీమీటర్ల చిప్స్ జల్లెడపట్టి వాడండి. మొరం కూడా ఇక్కడికి వద్దు, అందులోనూ బంక ఉంటుంది. మూడు మీటర్ల అల్యూమినియం బద్దతో లాగి, ఎక్కడా ఎత్తుపల్లాలు 5 మిల్లీమీటర్లకు మించకుండా చూసుకోండి. పచ్చిక ఎత్తుపల్లాలను దాచదు, ఏటవాలు ఎండలో ఎత్తి చూపుతుంది.

కాంక్రీటు వేసేస్తే ఈ తంటా అంతా ఉండదు కదా అని అడుగుతారు. రేగడి మీద నాలుగంగుళాల కాంక్రీటు పలక చాలాసార్లు కొన్నేళ్లలోనే పగులుతుంది, ఆ పగులు పైన పచ్చికలో గీతై కనిపిస్తుంది. ఇప్పటికే కాంక్రీటు ఉండి, వాలు సరిగా ఉంటే పగలగొట్టకండి. దాని మీద డ్రెయిన్ సెల్ పలకలు (అడుగున నీరు పారేందుకు ఖాళీలుండే ప్లాస్టిక్ పలకలు) పరిచి, అంచున నీరు పోయే సందు వదిలితే చాలు. కాంక్రీటుకు చిల్లులు వేయించడం మాత్రం దండగ. చిల్లు కింద ఉన్నది నీళ్లు తాగని ఆ బంకమట్టే, పైగా తాగిన కాస్త నీటితోనే ఉబ్బుతుంది.

అంచులకు కడప రాతి బద్దలను నిలువుగా, కంకర పడకలోనే పాతండి. మట్టిలో పాతితే మట్టితో పాటు కదులుతాయి.

తిరిగి పరచడం, అతుకు

పచ్చికను విప్పి ఎండలో గంట రెండు గంటలు పడుకోనివ్వండి, ముడతలు పోతాయి. బాణం గుర్తులన్నీ ఒకే వైపు ఉన్నాయో లేదో చూడండి.

అతుకు బాగుంటే పచ్చిక నిజమనిపిస్తుంది, చెడితే ఎంత ఖరీదైనదైనా చాపలా కనిపిస్తుంది. పాత జిగురు అంటిన అంచులు రెండింటినీ, అడుగు నుంచి, రెండు కుట్టు వరసల మధ్య సందులో కొత్త బ్లేడుతో కోయండి. బ్లేడును రెండు మూడు మీటర్లకోసారి మార్చండి. రెండు అంచులూ దగ్గరగా పరిచినప్పుడు మధ్య దూరం పచ్చికలోని మామూలు వరసల మధ్య దూరమంతే, 2-3 మిల్లీమీటర్లు, ఉండాలి. ఆనించి బిగిస్తే గీత లేస్తుంది, ఎక్కువ వదిలితే దారిలా కనిపిస్తుంది. కిందుగా 30 సెంటీమీటర్ల అతుకు పట్టీ పరిచి, పాలీయురేథేన్ జిగురు పళ్ల తాపీతో సమంగా రాయండి. అంచులను దించేటప్పుడు పోగులు జిగురులో చిక్కుకోకుండా ఒకరు పక్కన వేళ్లతో విడదీస్తూ ఉండాలి. ఇద్దరి పని ఇది, ఒక్కరే చేయకండి. పైన ఇసుక బస్తాలు పేర్చి ఒకరోజు కదిలించకండి. పట్టీ గానీ అడుగు పొర గానీ తడిగా ఉంటే జిగురు నురగలా పొంగి పట్టు తప్పుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో రాస్తే పరిచేలోపే బిగిసిపోతుంది. సాయంత్రం నాలుగు తర్వాత మొదలుపెట్టండి.

అంచుల వెంట అరఅడుగుకొకటి చొప్పున తుప్పుపట్టని మూడంగుళాల మేకులు. పొడవైనవి ఇంకా గట్టిగా పడతాయని ఐదంగుళాలవి కొట్టకండి, అడుగున పరిచిన షీటును పొడిచే ప్రమాదం ఉంది. ఆపైన కడిగి ఆరబెట్టిన సిలికా ఇసుక చదరపు మీటరుకు 5 నుంచి 10 కిలోలు, రెండు మూడు విడతలుగా చల్లి, ఎదురు చీపురుతో పోగుల మొదళ్లకు దించండి. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పు ఉంటుంది.

చిన్న మచ్చలు, కాలిన చోట్లు

దీపావళి నిప్పురవ్వలకో, ఎదురింటి అద్దం కిటికీ నుంచి తిరిగి పడే ఎండకో కరిగిన చోటుకు కొత్త ముక్క కొని వేయకండి. రంగు కలవదు. పూలకుండీల వెనకో, గోడ మూలనో ఉన్న పాత పచ్చిక నుంచి ముక్క కోసి అక్కడ అతికించి, కొత్త ముక్కను మూలన వేయండి. అద్దం నుంచి పడే ఎండే కారణమైతే ముందు ఆ కిటికీకి వెదురు తడికో, జాలీనో కట్టించండి, లేకపోతే అతికించిన ముక్క కూడా కరుగుతుంది.

మీ నేల రేగడి కాకపోతే

కోనసీమ, భీమవరం వైపు భూగర్భ జలం పైపైనే ఉంటుంది. అక్కడ తవ్వడమే తప్పు, తవ్విన గోతిలో నీరు ఊరుతుంది. చుట్టూ రాతి అంచు కట్టి పడకనే పైకి లేపండి. విశాఖ కొండవాలు ఇళ్లలో ఎర్రమట్టి నీరు తాగుతుంది గానీ కోసుకుపోతుంది. పై అంచున అడ్డకాలువ తీసి, వచ్చే వరదను పచ్చిక కిందికి రాకుండా పక్కకు తిప్పడమే అక్కడ ముఖ్యం. పెద్ద వేపచెట్టు మొదట్లో మాత్రం ఏ నేలలోనూ పచ్చిక పరచమని చెప్పను. వేరు నరికితే చెట్టుకు దెబ్బ, నరక్కపోతే పచ్చికకు. ఆ జాగాను చెట్టుకే వదిలేసి ఎండుటాకులు కప్పండి.

మొదటి వానకు

పని అయిన వారానికి, వాన కోసం చూడకుండా, ఎత్తు వైపున గొట్టంతో అరగంట నీళ్లు వదలండి. ఛాంబరు మూత తీసి చూడండి. కాసేపట్లో పైపు నోట నీరు రావాలి, గొట్టం కట్టేశాక కొంతసేపు కారి ఆగాలి. మొదట కాస్త మబ్బుగా వచ్చినా అది కంకరకు అంటిన పొడి, తేటపడుతుంది. నల్లగా, చిక్కగా వస్తూనే ఉంటే ఎక్కడో షీటు చిరిగింది. మేకులు కొట్టిన అంచుల దగ్గర నుంచి వెతకడం మొదలుపెట్టండి. నీరు అసలు రాకపోతే దారపు మట్టాలు మళ్లీ కట్టి చూసుకోండి, ఇంకా ఇసుక పూర్తిగా దిగలేదు కాబట్టి పచ్చిక ఎత్తడం ఇప్పుడే తేలిక.

ఆ ఏడు జూన్, ఆగస్టు, అక్టోబరు నెలల్లో ఒక్కో గట్టి వాన తర్వాత ఇదే మూత తీసి చూసి, అంచులన్నీ చేత్తో తడిమి, లేచిన మేకు కనిపిస్తే కొట్టండి. మార్చిలో మరోసారి దారం కట్టి మట్టం చూడండి. సెంటీమీటరు లోపు తేడా ఉంటే ముట్టుకోకండి, మళ్లీ వానలకు అది తిరిగి వస్తుంది.